నీటిపొరలో దాగిన ఆటంకము

బాసర స్నానఘట్టముపై నిలిచి చూచినచో గోదావరి రెండు తీరుల కనబడును. లోతైన చోట నీరు నిశ్చలముగ నుండును. రాళ్ల నొరసికొని పారుచోట చీలి, నురుగులెత్తి, మరల కలియును. ప్రాణవాయువు నీటిలో త్వరగ కరగునది ఈ రెండవ చోటనే. చేపకు ఊపిరినిచ్చు ఈ చిన్న సంగతియే రైతునకు యూరియా నిచ్చు పరిశ్రమకును ఆధారమైనది.

ఈ విద్య యొక్క అవసరము మొదట ఇంగ్లండున తీవ్రముగ తోచినది. ఉప్పునుండి సోడా తయారుచేయు కర్మాగారముల పొగగొట్టములు హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువును వెడలగ్రక్కి చుట్టుపట్ల చెట్టుచేమలను మాడ్చుచుండెను. 1836లో విలియం గాసేజ్ అను రసాయనికుడు ఒక పాడుపడిన గాలిమర గోపురములో కంపను నింపి, పైనుండి నీటిని జార్చి, ఆ వాయువును అందులోనికి పంపెను. నీరు పుల్లపుల్లకును పలుచని పొరగ అంటుకొనుటచే వాయువు తాకెడి తావు ఎన్నో రెట్లు పెరిగెను. ఇట్టి గోపురములు వ్యాపించిన పిమ్మట, 1863లో బ్రిటిష్ పార్లమెంటు ఆ వాయువులో నూటికి 95 పాళ్లు పట్టి తీరవలెనని చట్టము చేసెను. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో జర్మనీ దేశీయుడు రాషిగ్, పొడవును వ్యాసమును సమానముగ గల చిన్న బోలు ఉంగరములను రూపొందించగా, కంపకు బదులు అవి గోపురములలో చేరెను.

ఆమ్లవాయువు నీటిని తాకినంతనే కరగును. ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు అట్టివి కావు. మరి వానికి ఆటంకమెక్కడ? గాలికి నీటికి నడుమ ఇరువైపుల చెరియొక పలుచని పొర యుండుననియు, కష్టముగ కరగు వాయువులకు నీటివైపు పొరయే అడ్డుగోడ యనియు 1923లో అమెరికాలో విట్‌మన్ ప్రతిపాదించెను. 1940లో షెర్‌వుడ్, హాలొవే అనువారు ఉంగరములు నింపిన గోపురములలో నీటినుండి ప్రాణవాయువును వెడలగొట్టి కొలిచిరి. గాలి వేగమును పెంచినను ఫలితము స్వల్పము. నీటి ధారను పెంచగా వాయువు కదలిక హెచ్చెను. 1935లో హిగ్బీ, 1951లో డాంక్‌వర్ట్స్ ఈ తలపును మరింత సవరించిరి. పైనున్న నీరు నిలకడగ నుండదనియు, లోపలి క్రొత్త నీరు పైకి వచ్చుచున్న కొలది వాయువు చొరబాటు పెరుగుననియు వారి భావము. గోదావరి రాళ్లకడ జరుగునదియు ఇదియే గదా!

ఇక బాసరకు దిగువన, అదే గోదావరి పరిసరమున నున్న రామగుండమునకు వత్తము. అచ్చట బొగ్గు ఆధారముగ రోజునకు 1,500 టన్నుల యూరియా తయారుచేయుటకు నిర్మించిన కర్మాగారము 1980లో ఉత్పత్తి నారంభించెను. బొగ్గునుండి పుట్టిన వాయువులో ఉదజనితోపాటు బొగ్గుపులుసు వాయువు కూడ నుండును. అది మిగిలినచో అమ్మోనియా తయారుచేయు ఉత్ప్రేరకము చెడును. కనుక దానిని మిక్కిలి చల్లబరచిన మెథనాల్‌తో గోపురములలో కడిగి తీసిరి. విచిత్రమేమనగా, తొలగించిన ఆ వాయువే మరల యూరియాకు ముడిసరుకు! లెక్క ప్రకారము 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 33 కిలోల బొగ్గుపులుసు వాయువు ఇమిడి యుండును. దాని నొక ద్రవము పట్టి, విడిచి, అందింపకున్న బస్తా నిండదు.

ఆ కర్మాగారము నష్టములపాలై 1999లో మూతబడెను. రెండు దశాబ్దులకు పైగా ఆ గోపురములు మూగవోయెను. ఎందరో కార్మికుల జీవిక చెదరెను. అదే తావున సహజవాయువు ఆధారముగ, రోజునకు 3,850 టన్నుల సామర్థ్యముతో నిర్మించిన నూతన కర్మాగారము 2021లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించినది. ఇంధనము మారినది, యంత్రములు మారినవి. వాయువును ద్రవముచే పట్టించు సూత్రము మాత్రము మారలేదు.

2008లో బాసరలో నెలకొన్న రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమున గ్రామీణ విద్యార్థులు నేడు రసాయన ఇంజనీరింగును అభ్యసించుచున్నారు. విట్‌మన్ పొరను వారు గ్రంథములలో చదువుదురు. ఘట్టమునకు దిగి, రాతిపై చీలు నీటిని ఒక్క నిమిషము చూచినచో, ఆ పాఠమునకు గోదావరియే వ్యాఖ్యానము చెప్పగలదు.