గంటము గీచిన గాటు

బందరు ప్రాంతమునను దివిసీమలోను కాగితము వాడుకలోనికి రాకపూర్వము లెక్కయైనను కావ్యమైనను తాటాకుపైననే వ్రాసెడివారు. గంటము ఆకుపై సిరా పెట్టదు, గాటు పెట్టును. వ్రాసినవెంటనే అక్షరము స్పష్టముగా కానరాదు. దీపపుమసిని నూనెతోనో ఆకుపసరుతోనో కలిపి పూసి, పాతగుడ్డతో తుడిచినపుడు, పైమసి పోయి, గాటులో దాగినది నల్లని వ్రాతయై తేలును. మసిపూసి మారేడుకాయ చేయుట మోసమని లోకోక్తి గాని, తాళపత్రమున నిజము బయటపెట్టునది మసియే. దానిని కడిగివేసినను గాటు పోదు. మరల పూసిన మరల చదువవచ్చును. కావుననే లేఖకుడు తప్పును చెరపలేక గీతతో కొట్టివేసెడివాడు.

కాగితము వచ్చినపిమ్మటను, వ్రాసినది చెరపినను పోదేమోనను భయము తీరలేదు. బాకీ తీర్చిన రైతు నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనుటతో తృప్తినొందక, నోటును చేత పుచ్చుకొని, సంతకమున్న మూలను వేరుగా చించిననే గాని నిదురపోయెడివాడు కాడు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్న ఉప్పెనయు, 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనయు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టినవి. నిలువవలసినవి పోవుటకు ఈ సీమలో ఒక్క పూట చాలును, పోవలసిన వ్రాత పోవుటకే ఇంత తంటా.

1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు లెడ్జర్లును, 1984లో పదవి రద్దగువరకు కరణముల యిండ్లలో నుండిన దస్త్రములును ఏ జాతివో, ఆ జాతి లెక్కలే నేడు హార్డుడిస్కులలో చేరినవి. 1956లో ఐబీఎం వారు తెచ్చిన మొదటి హార్డుడిస్కునకు 50 బిళ్లలుండెను. డిలీట్ అన్నంతమాత్రమున డిస్కులోని వ్రాత పోదు. కరణము విషయసూచికలో పద్దు కొట్టివేసి దస్త్రమును అటకపైననే ఉంచినట్లు, దానిపై వేఱొకటి వ్రాయువరకు పాతది పదిలముగా నుండును. 1996లో పీటర్ గట్‌మన్ అను న్యూజిలాండు శాస్త్రజ్ఞుడు 35 మారులు తిరుగవ్రాయు క్రమమును సూచించెను. క్రొత్త డిస్కులకు ఒక్కమారు చాలునని 2006లో అమెరికా ప్రమాణసంస్థ చెప్పినను, పలువురకు ఆ 35 నేటికిని మంత్రసంఖ్యయే. బిళ్లలు లేని ఎస్సెస్‌డీలతో చిక్కు వేఱు: అవి క్రొత్తవ్రాతను వేఱొక చోట నుంచి పాతప్రతిని మన చేతికందకుండ దాచును, వాటిని చెరపుటకు వాటిలోనే అమర్చిన ఆజ్ఞ నాశ్రయింపవలెను.

గుడివాడలో ఒక పాతసామానుల దుకాణమున కుఱ్ఱవాడొకడు మరలు విప్పి హార్డుడిస్కును తెఱచుచుండగా చూచితిని. లోపలి బిళ్ల అద్దమువలె మెఱయుచు నా మొగమునే చూపినది గాని, వ్రాతజాడ యేమియు లేదు.

“ఏం లేదండీ, ఖాళీయే” అని వాడు నా చేతికిచ్చెను.

మసి పూయని తాటాకును తలచుకొనుచు తిరిగి యిచ్చితిని. వాడు దానిని అల్యూమినియపు తుక్కులో వేసి తూచినాడు.