సెంటు జాగా, ఇరుగుపొరుగు

బత్తలపల్లెలో చిన్నప్పుడు మమ్మల్ని ఎవరూ ముందుగా పేరు అడిగేవాళ్ళు కాదు. "ఏ వీధి అబ్బీ మీది?" అనేవాళ్ళు. వీధి చెప్తే చాలు. మతమూ, కులమూ, నాయన చేసే పనీ, ఇంట్లో మాట్లాడుకునే భాషా అన్నీ వాళ్ళకు తెలిసిపోయేవి. అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో ఉన్న ఊరు మాది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఆ ప్రశ్న మాత్రం ఎక్కడికీ పోలేదు.

మా వైపు ఏ ఊరు చూసినా ఇంతే. భూములున్నవాళ్ళ పెద్దవీధి ఒకచోట, బోయల ఇళ్ళు ఒకచోట, మసీదు చుట్టూ మా సందులు, మాలమాదిగల ఇళ్ళు వంకకు అవతల. దూదేకులవాళ్ళ ఇళ్ళు మళ్ళీ వేరే. ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. సయ్యదులం, పఠాన్లం అని చెప్పుకునేవాళ్ళలో దూదేకుల కుటుంబానికి పక్కిల్లు బాడుగకిచ్చినవాళ్ళను మేము వేళ్ళ మీద లెక్కపెట్టగలం. నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండుగకు హిందువులూ ముస్లింలూ వేలల్లో చేరతారు. ఒకే గుండంలో నిప్పులు తొక్కుతారు. తెల్లారి ఎవరి వీధికి వాళ్ళు పోతారు. సెక్యులర్ మిత్రులకు ఆ రాత్రి అంటే చాలా ఇష్టం. ఆ తెల్లవారి గురించి వాళ్ళు రాసింది తక్కువ.

ఈ వీధుల గీతలు ఏ ఇంజనీరూ గీయలేదు. అయినా ప్రతి ఇంటికీ తెలుసు. పట్నాల్లో ఇదే పనిని కాగితం మీద, రంగులు పూసి చేస్తారు. అక్కడ దానికి మాస్టర్ ప్లాన్ అని పేరు, జోన్ అని పేరు.

సర్కారు పేదలకు ఇళ్ళు కట్టించడం మొదలుపెట్టాక ఈ గీతలు కొంతైనా చెరగాల్సింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పుట్టింది. ఎన్టీ రామారావు హయాంలో పక్కా ఇళ్ళు, 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళు, 2020 డిసెంబరు 25న మొదలైన 'నవరత్నాలు - పేదలందరికీ ఇళ్ళు'. బోద కొట్టాల్లో, వానొస్తే కారే మట్టి మిద్దెల్లో బతికిన జనానికి ఇవి చిన్న సంగతులు కావు. కానీ పథకం పేరేదైనా జాగా మాత్రం ఒకచోటే దొరికింది. ఊరి బయట, వంక పక్కన, గుట్ట కింద. ఊళ్ళో జాగాకు ధర ఎక్కువ, బయట సర్కారు భూమి ఉంది అన్నది అధికారుల జవాబు. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఊరి మధ్య ఖాళీ దొడ్డి ఉన్నప్పుడు కూడా అక్కడ కాలనీ వేస్తామంటే పెద్దవీధి ఊరుకోదని అడిగినవాళ్ళకూ తెలుసు, చెప్పినవాళ్ళకూ తెలుసు.

మా ప్రాంతంలో ఈ కథకు ఇంకో పాయ ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెపల్లెనా పేదలకు, ముఖ్యంగా దళితులకు, ఇళ్ళు కట్టించింది. 2000లో మా బత్తలపల్లెలోనే పెద్దాసుపత్రి తెరిచింది. మాలో పురుడు పోసుకోవడానికీ, విరిగిన కాలు కట్టించుకోవడానికీ అక్కడికి పోని ఇల్లు అరుదు. ఆసుపత్రి వరండాలో అందరం పక్కపక్కనే కూర్చున్నాం. ఇళ్ళు మాత్రం అప్పటికే సర్కారు చూపించిన కాలనీ జాగాల్లోనే లేచాయి. దాతలు కప్పు మార్చగలిగారు గానీ వీధి మార్చడం వాళ్ళ చేతిలో లేదు. వీధి మార్చాలంటే చట్టం కావాలి.

అలాంటి చట్టాలు ఈ దేశంలో లేకపోలేదు. 1976 పట్టణ భూపరిమితి చట్టం ప్రకారం హైదరాబాదులో ఒకరి చేతిలో ఖాళీ జాగా 1000 చదరపు మీటర్లు దాటకూడదు. మిగులు భూమి తీసుకుని సామాన్యులకు ఇళ్ళు కట్టాలన్నది ఉద్దేశం. మినహాయింపులూ కోర్టు కేసులూ దాన్ని తినేశాయి. 1999లో కేంద్రం రద్దు చేసింది, 2008లో మన రాష్ట్రం ఆ రద్దును నెత్తిన పెట్టుకుంది. ఆ తర్వాత లేఔట్లలోనూ అపార్టుమెంట్లలోనూ బలహీనవర్గాలకు కొంత వాటా వదలాలని నిబంధనలు వచ్చాయి. దానికీ ఒక దొడ్డిదారి పెట్టారు. వాటా వదలడం ఇష్టం లేకపోతే షెల్టర్ ఫీజు కట్టొచ్చు. అంటే పేదవాడు పక్కన ఉండకుండా ఉండటానికి ఒక రేటు. మా అనంతపురం పల్లెల నుంచి కరువుకు బెంగుళూరు పోయినవాళ్ళు అపార్టుమెంట్లు కడుతూ వాటి పక్కనే రేకుల షెడ్లలో ఉంటారు. ఆఖరి అంతస్తు పూర్తయ్యే రోజున షెడ్డు పీకేస్తారు.

ఇప్పుడు అమరావతి. కరువు సీమలో కూర్చుని కృష్ణా ఒడ్డు సంగతి మాకెందుకు అని అడగొచ్చు. ధనవంతుల కోసం గీసిన నగరంలో పేదలకు చట్టం వాటా రాసిపెట్టడం, ఆ వాటా మీద ఊళ్ళూ కోర్టులూ రాజకీయ పార్టీలూ కొట్లాడుకోవడం మన కళ్ళ ముందు జరిగింది అక్కడే కాబట్టి.

2014 సీఆర్‌డీఏ చట్టం 53వ సెక్షన్‌లో భూసమీకరణ భూమిని ఎలా పంచాలో ఉంది. 10 శాతం పార్కులకు, 30 శాతం రోడ్లకు, 5 శాతం సామాజిక సౌకర్యాలకు, ఇంకో 5 శాతం పేదల ఇళ్ళకు. ఈ చివరి అయిదు శాతాన్ని రాజధాని గురించి సంబరపడ్డ రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. బొమ్మల్లో గాజు భవనాలు చూశాం, నది ఒడ్డు చూశాం. ఆ అయిదు శాతం ఎక్కడ, ఎవరి పక్కన అని అడగలేదు. పత్రికల్లో పనిచేస్తూ మేమూ అడగలేదు.

2020 ఫిబ్రవరిలో జగన్ ప్రభుత్వం రాజధాని ప్రాంతంలో పేదలకు ఇంటి జాగాలిస్తామని 107వ నంబరు జీవో తెచ్చింది. కోర్టులో ఆగింది. 2022లో చట్టం సవరించి, 2023 మార్చిలో ఆర్-5 అని కొత్త జోన్ గీశారు. సుప్రీంకోర్టు 2023 మే 17న, తుది తీర్పుకు లోబడి పట్టాలివ్వొచ్చంది. మే 26న వెంకటపాలెంలో ముఖ్యమంత్రి గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేదలు 50,793 మందికి 1,402 ఎకరాల్లో పట్టాలిచ్చారు. జులై 24న కృష్ణాయపాలెంలో ఇళ్ళకు శంకుస్థాపన. ఆగస్టు 3న హైకోర్టు కట్టడం ఆపమంది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. ఆ శంకుస్థాపన పునాది దగ్గరే ఆగింది.

రైతుల వాదన తేలిగ్గా కొట్టెయ్యదగ్గది కాదు. 2015లో 29 గ్రామాల నుంచి దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చినవాళ్ళు వాళ్ళు. ఇదిగో ప్లాను, ఇదిగో రాజధాని అని చూపించి భూమి తీసుకున్న రాజ్యం, మూడు రాజధానులంటూ మాట తప్పింది. ఆ తప్పిన చేత్తోనే పేదలను తెచ్చి వాళ్ళ ముందు నిలబెట్టింది. ఊళ్ళో పేదలకు ముందు ఇవ్వండి అన్న రైతు ప్రశ్నలో న్యాయం ఉంది. పేదల పట్టా కాగితాన్ని ప్రత్యర్థి మీద విసరడానికి రాయిలా వాడుకున్న రాజకీయాన్ని మేము వెనకేసుకు రాము.

అయినా లెక్క చూడండి. ఎకరా మెట్ట పట్టాభూమి ఇచ్చిన రైతుకు తిరిగి 1000 గజాల ఇంటి జాగా, 250 గజాల వాణిజ్య జాగా. అసైన్డ్ భూమి ఇచ్చినవాళ్ళకు, వాళ్ళలో ఎక్కువమంది దళితులు, అంతకన్నా తక్కువ. బయటి నుంచి వచ్చే పేదకు ఒక సెంటు, అంటే 48 గజాలు. ఈ 48 గజాలు అంత పెద్ద నగరాన్ని ఎలా పాడు చేస్తాయి?

దీనికి వచ్చిన జవాబుల్లో ఒకటి మమ్మల్ని ఉలిక్కిపడేలా చేసింది. పేదలకు జాగాలిస్తే అమరావతిలో 'డెమోగ్రాఫిక్ ఇంబ్యాలెన్స్' వస్తుందని కోర్టులో వాదించారని ముఖ్యమంత్రి సభల్లో పదే పదే చెప్పారు. ఆయన రాజకీయం ఆయనది. రైతులందరి మనసూ ఆ మాటే అని మేము అనం. కానీ ఆ మాట మాకు కొత్తది కాదు. జనాభా సమతూకం చెడిపోతుంది అన్నది ఈ దేశంలో ముస్లింల గురించి చెప్పే మాట. ఎన్నికల ముందు వినే మాట, బాడుగ ఇల్లు వెతుక్కునేటప్పుడు ఇంటాయన నోట రాకుండా కళ్ళల్లో కనబడే మాట. ఇప్పుడది మతంతో పని లేకుండా మాల, మాదిగ, బీసీ, ముస్లిం అని చూడకుండా సెంటు జాగా అడిగినవాళ్ళందరి మీదా వచ్చి పడింది. ఆ సమతూకం కాటా ఎవరి చేతిలో ఉంది?

గుజరాత్‌లో ఆ కాటా కలెక్టరు చేతిలో పెట్టారు. 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం ప్రకారం కొన్ని పేటల్లో ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. 2019లో సవరణ తెచ్చి 'జనాభా సమతౌల్యం' అన్న మాటనే చట్టంలో రాశారు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ పార్సీ గృహనిర్మాణ సంఘం కేసులో, తమవాళ్ళకే సభ్యత్వం అన్న నియమాన్ని తప్పుపట్టలేదు. 2006 సచార్ నివేదిక ముస్లింలకు ఇళ్ళు అమ్మకపోవడం, బాడుగకివ్వకపోవడం గురించి రాసింది. 2024లో వడోదర నగరంలో జరిగింది అన్నిటికన్నా చెప్పదగ్గది. అక్కడ సర్కారు పథకం కింద కట్టిన 462 ఇళ్ళలో ఒక్కటి ఒక ముస్లిం స్త్రీకి వచ్చింది. ఆమె రాకూడదని కొందరు నివాసులు ఆందోళన చేశారు. వాళ్ళూ అదే పథకంలో ఇల్లు పొందినవాళ్ళే. గేటు లోపలికి అడుగుపెట్టినవాడు వెనక్కి తిరిగి గొళ్ళెం వేస్తాడు.

ఈ గొళ్ళెం మన దేశపు కనిపెట్టుడేమీ కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం మన తెలుగువాళ్ళకు బాగా తెలుసు. అక్కడ మౌంట్ లారెల్ అనే ఊళ్ళో తరతరాలుగా ఉన్న నల్లజాతి కుటుంబాలు, తమ పిల్లలు ఊరు విడిచిపోకుండా ఉండటానికి 36 చిన్న ఇళ్ళు కట్టుకుంటామన్నాయి. పెద్ద జాగాల్లో విడి ఇళ్ళే కట్టాలన్న నియమం చూపించి ఊరు ఒప్పుకోలేదు. ఇక్కడ ఉండే స్తోమత లేకపోతే వెళ్ళిపోవాల్సిందే అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చారు. ఎథెల్ లారెన్స్ అనే ఉపాధ్యాయురాలు ముందు నిలబడ్డ కేసులో 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ప్రాంతంలోని పేదల ఇళ్ళ అవసరంలో ప్రతి ఊరూ తన వాటా మోయాలంది. ఊళ్ళు కదలకపోతే 1983లో ఇంకా గట్టిగా చెప్పింది. 1985లో చట్టం వచ్చింది. చట్టంతోపాటు మన షెల్టర్ ఫీజు లాంటిదే ఒకటి వచ్చింది. ధనవంతుల ఊరు తన వాటాలో సగం దాకా, డబ్బిచ్చి బీద నగరం నెత్తిన పెట్టొచ్చు. ఆ వెసులుబాటును 2008లో గానీ తీసెయ్యలేదు. లారెన్స్ 1994లో చనిపోయారు. ఆమె పేరుతో ఇళ్ళు తెరిచింది 2000లో. పాతికేళ్ళు! తర్వాత డగ్లస్ మాసీ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం ఆ ఇళ్ళ చుట్టుపక్కల పరిశీలించి 2013లో పుస్తకం వేసింది. నేరాలు పెరగలేదు, పక్క ఇళ్ళ ధరలు పడిపోలేదు. అక్కడ చేరిన కుటుంబాల బతుకు బాగుపడింది. అదే రాష్ట్రంలో మనవాళ్ళు బడి ర్యాంకు చూసి ఊరు ఎంచుకుని ఇల్లు కొంటారు. ఆ బడి మిగతావాళ్ళకు ఎందుకు అందదో అడగడం మాత్రం ఇక్కడే వదిలేసి విమానం ఎక్కినట్టున్నారు.

మౌంట్ లారెల్ తీర్పును చదివినప్పుడు మాకు నచ్చింది ఒక్కటే. అది దయ గురించి మాట్లాడలేదు. జోన్ గీసే అధికారం ప్రజలు రాజ్యానికి ఇచ్చింది, అందరి మంచికి వాడమని ఇచ్చింది, కాబట్టి దాన్ని కొందరిని బయట పెట్టడానికి వాడకూడదు అంది. మన 53వ సెక్షన్ కూడా అంత దూరం పోగలిగేది. దాన్ని పట్టుకుని నడిపించే తీరిక ఏ పక్షానికీ లేకపోయింది. ఒకరికి అది ఆయుధం, ఇంకొకరికి గండం.

మా ఖాలాకు 2021లో మా వైపు ఒక ఊరి బయట సెంటున్నర జాగా వచ్చింది. పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. చూడటానికి మేమూ వెంట పోయాం. చేలు దాటి, గుట్ట కింద, సున్నంతో గీసిన గీతలు. ప్లాట్లు చీటీలు తీసి పంచారు. ఆ చీటీల పుణ్యమా అని ఆమెకు ఒక పక్క బోయ కుటుంబం, ఇంకో పక్క మాదిగ కుటుంబం, ఎదురుగా దూదేకుల ముసలాయన. ఖాలా పుట్టిన ఊళ్ళో ఈ నలుగురూ ఒక వీధిలో ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. పెద్దవీధి నుంచి మాత్రం ఒక్క చీటీ లేదు, ఉండదు కూడా.

ఖాలా చెప్పులు విడిచి, తన గీతల లోపల నిలబడి చుట్టూ చూసింది. పక్క ప్లాటులో రాళ్ళు పేర్చుకుంటున్న బోయ ఆడమనిషిని పలకరించింది. "అక్కా, నీళ్ళు యాడ నుంచి తెచ్చుకుంటాండారు?" ఆమె చెయ్యి ఎత్తి దూరంగా ఉన్న ఊరి వైపు చూపించింది.