గాజు జాడీ మీది తేదీ



ఆవకాయ పెట్టిన జాడీకి వాసెనగుడ్డ కట్టి తడి తగులని చోట భద్రపరచుట మన యిండ్లలోని యాచారము. ఉప్పు, కారము, నూనె కలిసి కాయను ఏడాది పొడుగునను కాపాడును. అమెరికా దేశపు గృహిణులు దీనికి వేరొక మార్గము నవలంబించిరి. వేసవిలో పండిన పండ్లను, కూరలను గాజు జాడీలలో నింపి, వేడినీట నుడికించి, గాలి చొరకుండ మూత బిగించి, మంచు కురియు నెలలకై దాచుకొనిరి. ఆ పాత జాడీలను వెదకి కూర్చువారు నేడు ఆ దేశమున అనేకులు కలరు. జాడీ వయస్సును వారెట్లు నిర్ణయింతురో నేడు మీకు మనవి చేసెదను. వ్రాత కంటి కెదురుగా నున్నను విచారణ మానరాదని ఈ జాడీలు మనకు చక్కగా బోధించును.

ఈ విద్యకు మూలపురుషుడు ఫ్రాన్సు దేశమున మిఠాయిలు చేసి జీవించిన నికొలా అపేర్. వెడల్పు మూతి గల గాజు సీసాలలో ఆహారమును నింపి, బిరడా బిగించి, నీటిలో నుడికించినచో అది చాలకాలము చెడకుండునని ఆయన అనుభవముచేత కనుగొనెను. ఆ పద్ధతిని లోకమునకు వెల్లడింపవలెనను నియమముతో 1810లో ఫ్రెంచి ప్రభుత్వము ఆయనకు 12,000 ఫ్రాంకులు బహూకరించెను. ఆహారము చెడుటకు కంటికి కనబడని సూక్ష్మజీవులు కారణమని లూయీ పాశ్చర్ నిరూపించినది 1860 దశకమున. అనగా పని ముందు వచ్చినది, కారణము పిమ్మట తెలిసినది.

అపేర్ మార్గమున చిక్కంతయు మూతలోనే యుండెను. అమెరికాలో కొందరు తగరపు రేకు మూత పెట్టి, దాని చుట్టును కరగిన లక్క పోసి మూసెడివారు. లక్క పగిలినను, సందు మిగిలినను శ్రమయంతయు వ్యర్థము. న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించిన జాన్ లాండిస్ మేసన్ రేకుపనివాడు. ఈయన జాడీ మెడమీదనే మరచుట్లు పోయించి, రేకుమూతను త్రిప్పి బిగించు నుపాయమును 1858 నవంబరు 30వ తేదీన పేటెంటు చేయించెను. ఆ చుట్లు భుజము వరకు సాగక ముందే అంతమగును. అందుచే మూత తిన్నగా దిగి భుజముపై ఆనును. నడుమ రబ్బరు వలయ ముంచినచో గాలికి దారి యుండదు. తుత్తునాగపు మూత తగిలి ఆహారమునకు లోహపు రుచి పట్టుచుండగా, 1869లో లూయిస్ బాయిడ్ అనునతడు మూత లోపల తెల్లని గాజుబిళ్ల నమర్చు పద్ధతికి పేటెంటు పొందెను.

ఇక అసలు సంగతి వినుడు. నేను చేతబట్టి చూచిన యొక జాడీపై "మేసన్ పేటెంటు, నవంబరు 30, 1858" అని ఉబ్బెత్తు అక్షరములు స్పష్టముగా నున్నవి. చూచినవారెల్లరు ఆ జాడీ 1858లో పుట్టినదనియే తలంతురు. కాని ఆ తేదీ పేటెంటుది, జాడీది కాదు. మేసన్ హక్కు 1879లో ముగిసెను. అటుపిమ్మట ఎందరో గాజు తయారుదారులు ఆ జాడీలను చేసి, జనులకు అలవాటైన ఆ అక్షరములనే అచ్చులలో నుంచిరి. ఇరువదవ శతాబ్దము ప్రవేశించిన పిమ్మట చేసిన జాడీలపైనను ఆ 1858 కలదు. వ్రాత అబద్ధము కాదు. అది చెప్పుచున్నది వేరు, మనము వినుచున్నది వేరు.

మరి వయస్సు తెలియుట యెట్లు? మొదట మూతి అంచును వ్రేలితో తడవవలెను. పూర్వము పనివాడు ఊదుగొట్టముతో అచ్చులోనికి గాజు నూదెడివాడు. అచ్చుపైన మిగిలిన గాజును విరిచి, వాడియైన అంచును రాతిచక్రముపై నూరెడివారు. అట్టి అంచు సన్ననిసుకవలె గరుకుగా నుండును. 1890 దశకము చివర నుండి యంత్రములు ప్రవేశించెను. యంత్రము చేసిన అంచు నున్నగా నుండి, అచ్చు అతుకుల గీతలు అంచుమీద కూడ కనబడును. నున్నని అంచు గల జాడీ, ఒడలిపై ఏ తేదీ యున్నను, 1858 నాటిది కాజాలదు.

రెండవది రంగు. ఇసుకలోని యినుము వలన సామాన్యమైన గాజునకు నీలము కలిసిన లేత ఆకుపచ్చ వచ్చును. బాల్ అను పేరు గల ఐదుగురు సోదరులు బఫెలో నగరమున 1884లో గాజు జాడీలు చేయ నారంభించిరి. పిమ్మట భూమినుండి వెలువడు వాయువు ఇంధనముగా దొరకుచున్నదని ఇండియానా రాష్ట్రములోని మన్సీ పట్టణమునకు తరలి, 1888 నుండి అచ్చట పని సాగించిరి. వారి నీలి జాడీలకు మిచిగన్ సరస్సు ఒడ్డున సుమారు 200 అడుగుల యెత్తున నిలిచిన ఇసుకదిబ్బ నుండి ఇసుక తెచ్చిరి. గాజు పనికిని, రైలుమార్గములు మెరక చేయుటకును త్రవ్వగా త్రవ్వగా 1920 నాటికి ఆ దిబ్బ నామమాత్రావశిష్టమయ్యెను.

గాజును తెల్లబరచుటకు మాంగనీసు కలిపిన జాడీలు ఏండ్లతరబడి ఎండలో నున్నచో లేత ఊదారంగునకు తిరుగును. ఊదారంగునకు గిరాకి యున్నదని తెలిసి, కొందరు వర్తకులు కిరణప్రసారముచేత కొద్దికాలములోనే ఆ రంగు తెప్పించుచున్నారు. అరుదైన ముదురు నీలము, తేనెరంగు జాడీలకు ధర హెచ్చు. అందుచే 1858 అని అచ్చువేసి ఆ రంగులలో క్రొత్తగా పోసిన జాడీలును అంగడికి వచ్చినవి. వానిలో కొన్నిటికి అంచు కూడ నూరియుందురు. కనుక ఒక్క గుర్తును నమ్మి సొమ్ము చెల్లింపరాదు. అంచు, రంగు, గాజులోని బుడగలు, అక్షరముల తీరు, వాడుకచేత అడుగున పడిన గీరలు—ఇవి యన్నియు ఒక్కమాట చెప్పవలెను.

మూత విషయమున కూడ జాగ్రత్త యవసరము. ఒక జాడీ మూత మరియొకదానికి పట్టును గనుక, పాత జాడీకి క్రొత్త మూతయు, క్రొత్త జాడీకి పాత మూతయు తరచుగా చేరినవి. అడుగున గల అంకె సంవత్సరము కాదు. అది ఏ అచ్చునుండి వచ్చినదో తెలుపు గుర్తు. 13 అను అంకె అశుభమని ఆ దేశీయుల నమ్మకము గనుక, గృహిణులు ఆ జాడీలను పగులగొట్టిరని, అందుచే అవి అరుదైనవని చెప్పుకొందురు. ఇది కథగా వినదగినదే గాని, ధరకు ఆధారము కాదు.

మన గ్రామములలో పొలము దస్తావేజు వచ్చినప్పుడు పెద్దలు తేదీ నొక్కదానినే చూచి తీర్పు చెప్పరు గదా! కాగితమును, సిరాను, దస్తూరిని, సాక్షులను, సరిహద్దులను కూడ విచారింతురు. అసలు పత్రమునందలి తేదీ నకలులో కూడ నుండును. అంతమాత్రమున నకలు అసలు కాదు. జాడీలను పరీక్షించు వారి పద్ధతియు నిదియే.

మేసన్ హక్కులు ఇతరుల చేతులకు పోయి, పేటెంటు గడువు తీరి, ఆ జాడీవలన అధికలాభము పొందినవారు అన్యులైరి. ఆయన 1902లో పేదరికముననే మరణించెను. అమెరికాలో నేటికిని ఆ జాతి జాడీని "మేసన్ జాడీ" యనియే పిలుతురు. గాజుపై ఆయన పేరు చదివినవాడు, ఆ జాడీని ఆయనయే చేసెననియు, దాని లాభము ఆయనయే తినెననియు తలంచిన పొరబడును. పేరును పేరుగను, తేదీని తేదీగను చదివి, మిగిలినదానిని వస్తువునే అడిగి తెలిసికొనవలయును.

మీ యిండ్లలోని పాత జాడీలను, బిందెలను, తాళపత్రములను కూడ ఒకమారు వెలుగులో పెట్టి ఇట్లు పరిశీలింపుడు. వానిని ఎవరు చేసిరో, ఎవరు వాడిరో యెరిగిన వృద్ధులు ఉండగనే అడిగి వ్రాసి పెట్టుకొనుడు. సెలవు.