జాగిలం పేరు, సేవకుడి ఊసు: దక్కను రాజాస్థానాల వేటలో శునకాలు, పరిచారకులు

వ్యాససంగ్రహం:

రాజుల వేటను గురించి మన శాసనాలు, కావ్యాలు చాలా చెప్పాయి. వేటలో పాల్గొన్న కుక్కను కొన్నిచోట్ల పేరుతో స్మరించాయి. ఆ కుక్కను పెంచి, మేపి, అడవిలో విడిచిన పరిచారకుడిని మాత్రం పేరులేని గుంపుగానే మిగిల్చాయి. వేములవాడ చాళుక్యుల కాలం నుండి నిజాం పాలన వరకు కొన్ని ఆధారాలను ఎంచుకొని, ఇంగ్లండు ట్యూడర్ ఆస్థానంతో పోలుస్తూ, ఈ అసమానతకు కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మృగయ, జాగిలం, సాహిణి, ఆతకూరు శాసనం, వేములవాడ చాళుక్యులు, వెట్టి.

1. ఉపోద్ఘాతం:

1509వ సంవత్సరంలో ప్రపంచంలోని రెండు దూరదేశాలలో ఇద్దరు రాజులు సింహాసనం ఎక్కారు. విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు, ఇంగ్లండులో ట్యూడర్ వంశానికి చెందిన ఎనిమిదవ హెన్రీ. ఇద్దరి ఆస్థానాలలోనూ వేట రాజవినోదం. ఇద్దరి అంతఃపురాలూ వందలాది పరిచారకుల శ్రమ మీద నడిచాయి. అయితే హెన్రీ సొంత ఖర్చుల లెక్కలు కొంతవరకు మిగిలి అచ్చయ్యాయి. వాటిలో కుక్కల మేతకు చేసిన చెల్లింపులు ఉన్నాయి. తప్పిపోయిన 'కట్' అనే రాజుగారి కుక్కను తెచ్చి ఇచ్చినందుకు ఒక పేద స్త్రీకి ఇచ్చిన బహుమానమూ ఉంది. ఆ పద్దులో కుక్కకు పేరుంది. స్త్రీకి లేదు.

ఈ చిన్న పద్దు ఒక పెద్ద ప్రశ్నను లేవనెత్తుతుంది. రాజు చుట్టూ ఉన్న జంతువులనూ మనుషులనూ చరిత్ర ఏ కొలతతో గుర్తుపెట్టుకుంది? ఈ ప్రశ్నను మన నేల మీద నిలిపి పరిశీలించడానికి తగిన ప్రాంతం నేటి రాజన్న సిరిసిల్ల జిల్లా. బోయినపల్లి మండలానికి పొరుగునే ఉన్న వేములవాడ పదవ శతాబ్దిలో ఒక రాజధాని. ఆ పరిసరాలలోనే కురిక్యాల వద్ద బొమ్మలమ్మ గుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం, తెలుగు కందపద్యాలకు తొలి ఆధారాలలో ఒకటిగా నిలిచి ఉంది.

బోయినపల్లి అనే పేరులో 'బోయ' శబ్దం వినిపించినంత మాత్రాన ఆ ఊరిని వేటగాళ్ల పల్లెగా తీర్మానించడం శాస్త్రీయం కాదు. కావ్యాలలో బోయ అంటే వేటగాడు. పల్లకి మోసేవారు బోయీలు. పండరంగని అద్దంకి శాసనంలో 'బోయకొట్టములు' జయించదగిన స్థావరాలు. ఒకే ధ్వని చుట్టూ అడవి, మోత, పోరు అనే మూడు అర్థాలు తిరుగుతున్నాయి. రాజుకు ఈ మూడింటితోనూ అవసరం ఉందన్న సంగతి మాత్రం ఇక్కడ గమనించదగినది.

2. వేములవాడ, ఆతకూరు: ఒకే కాలం, ఒకే ఏలుబడి:

వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి క్రీ.శ. 941 ప్రాంతంలో విక్రమార్జున విజయాన్ని కన్నడంలో రచించాడు. తన ప్రభువును అర్జునుడితో అభేదంగా భావించి చెప్పిన కావ్యం కనుక, అందులోని వేట వర్ణనలో ఆనాటి రాజవినోదం ఛాయలు ఉండడం సహజం. అదే కావ్యంలో వంశకీర్తన సందర్భంగా ఈ రాజుల పూర్వీకుడైన యుద్ధమల్లుడు పోదన (నేటి బోధన్)లో నూనె నింపిన కొలనులో ఐదువందల ఏనుగులకు స్నానం చేయించాడన్న ప్రశంస ఉంది. అతిశయోక్తిని తీసివేసినా ఒక వాస్తవం మిగులుతుంది. ఏనుగు తనంత తాను నూనెస్నానం చేయదు. నూనె ఆడించినవారు, మోసినవారు, మావటులు, కడిగినవారు ఉండాలి. కావ్యవాక్యంలో కర్త రాజు, కర్మ ఏనుగు. క్రియను నిజంగా నిర్వహించినవారు వ్యాకరణంలోనే అదృశ్యమయ్యారు.

దాదాపు అదే కాలంలో, అదే రాష్ట్రకూట సార్వభౌముడైన మూడవ కృష్ణుని ఏలుబడిలో, నేటి కర్ణాటకలోని మండ్య ప్రాంతంలో ఒక కుక్కకు స్మారకశిల లేచింది. అదే ఆతకూరు శాసనం. క్రీ.శ. 949లో తక్కోలం యుద్ధంలో చోళ రాజాదిత్యుడు మరణించాడు. ఆ విజయంలో గంగరాజు బూతుగుని పక్షాన పరాక్రమించిన మణలేరుడు ప్రతిఫలంగా 'కాళి' అనే వేటకుక్కను కోరుకున్నాడు. ఆ కాళిని ఒక అడవిపంది మీదికి వదిలితే రెండూ పోరాడి చనిపోయాయి. దానికి గుర్తుగా ఆతకూరులోని చెల్లేశ్వరాలయం ముందు శిల నిలిపి, భూమి దానం చేసి, ఆ శిలకు పూజ చేయకుండా భుజించే అర్చకునికి పాపం తగులుతుందని శాసించారు. శిల మీద పందితో పోరాడుతున్న కుక్క శిల్పం ఉంది.

వీరగల్లు అనేది యుద్ధంలో చనిపోయిన మనిషికి దక్కే గౌరవం. ఇక్కడ అది కుక్కకు దక్కింది. శాసనంలో సార్వభౌముడి పేరుంది, సామంతుడి పేరుంది, యోధుడి పేరుంది, కుక్క పేరుంది. పంది ఎదుటకు కాళిని నడిపించే నేర్పు ఏ పరిచారకుడి పెంపకంలో వచ్చిందో ఆ మనిషికి అక్షరం లేదు. కుక్క రాజు చేతి నుండి యోధుడి చేతికి వచ్చిన బహుమతి కనుక దాని కథ దాతృత్వ కథగా నమోదైంది. పెంచడం దాతృత్వం కాదు, సేవ. సేవకు శిల లేదు.

3. భారతంలో భటుడు, కుక్క:

ఈ దృష్టితో నన్నయ ఆదిపర్వాన్ని చదివితే రెండు ఘట్టాలు కొత్తగా కనిపిస్తాయి. మొదటిది సరమ కథ. జనమేజయుని తమ్ములు యజ్ఞస్థలంలో కారణం లేకుండా కుక్కపిల్లను కొట్టగా, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. నిరపరాధికి కీడు చేసినవారికి అనుకోని భయాలు కలుగుతాయని హెచ్చరిస్తుంది. సభలో రాజును ప్రశ్నించే నోరు ఇక్కడ కుక్కకు దొరికింది.

రెండవది ఏకలవ్యుని కథ. పాండవులు, కౌరవులు వేటకు వెళ్లినప్పుడు ఒక భటునితో వచ్చిన కుక్క తోడు తప్పి ఏకలవ్యుని దగ్గరకు వెళ్లి మొరుగుతుంది. అతడు దాని నోట ఏడు బాణాలు నాటుతాడు. కథ అంతా ఈ సంఘటన మీదనే మలుపు తిరుగుతుంది. ఏకలవ్యుని విద్య బయటపడినదీ, అతని బొటనవ్రేలు పోయినదీ ఈ కుక్క వల్లనే. కానీ ఆ కుక్కతో వచ్చిన భటుడు ఒక్క మాటలో వచ్చి ఒక్క మాటలోనే వెళ్లిపోతాడు. కుక్కను నడిపించే భటుడు, అడవిలో పుట్టిన విలుకాడు ఇద్దరూ రాజకుమారుల వేటకు అంచున నిలిచినవారే. వారిలో ఒకడు పేరు నిలుపుకొని వ్రేలు పోగొట్టుకున్నాడు. రెండవవాడికి పేరే లేదు.

మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు. ఆశ్రయించినవారిని విడువరాదన్నది అతని ధర్మం. ఈ ఆదర్శం గొప్పదే. అయితే రాజాస్థానంలో ఇదే ఆదర్శం సేవకుని వైపు తిరిగినప్పుడు 'విశ్వాసం' అనే బరువైన బాధ్యతగా మారింది. కాకతీయుల కాలపు లెంకలు ఏలికతోపాటు జీవించి, ఏలికతోపాటు మరణించే ప్రతిన పూనినవారు. నేటికీ తెలుగులో విశ్వాసం అనగానే కుక్కా, పాత సేవకుడూ ఒకే ఊపిరిలో గుర్తుకు రావడం ఈ సంస్కారపు శేషమే.

4. జంతువు హోదాయే సేవకుని హోదా:

అన్ని జంతువుల పోషకులూ అనామకులు కారు. కాకతీయ శాసనాలలో 'సాహిణి' అనే మాట ఉన్నత పదవి. గుర్రాల, ఏనుగుల దళాలపై అధికారి అని దాని అర్థం. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని నృత్తరత్నావళి రచించిన పండితుడు. గంగయ సాహిణి బాహత్తర నియోగాధిపతి, అనగా డెబ్బదిరెండు నియోగాలపై పెత్తనం గలవాడు. ఏనుగు, గుర్రం రాజ్యాన్ని గెలిచిపెట్టే జంతువులు. కనుక వాటి అధ్యక్షుడు రాజ్యంలో భాగస్వామి అయ్యాడు. కుక్క వినోదాన్ని మాత్రమే గెలిచిపెడుతుంది. కనుక దాని పోషకుడు వినోదసామగ్రిలో ఒకడిగా మిగిలాడు.

కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసం (12వ శతాబ్ది) ఈ వర్గీకరణను స్పష్టంగా చూపుతుంది. అందులోని వినోదవింశతిలో మృగయావినోదం, సారమేయవినోదం ప్రత్యేక ప్రకరణాలు. కుక్క శాస్త్రచర్చకు విషయమైంది. అయితే ఆ శాస్త్రానికి మూలమైన అనుభవజ్ఞానం కుక్కలతో రోజంతా గడిపినవారిది. గ్రంథకర్తృత్వం రాజుది.

ట్యూడర్ ఆస్థానంలో పరిస్థితి కొంత భిన్నం. అక్కడ వేటకుక్కల అధ్యక్షపదవి ప్రభువర్గానికి చెందినది. రాణి ఆన్ బొలీన్ సోదరుడు జార్జ్ బొలీన్ ఆ పదవిని నిర్వహించాడు. కానీ మెట్లు దిగేకొద్దీ చిత్రం మనకు పరిచితమైనదే. 1526లో కార్డినల్ వుల్సీ రూపొందించిన ఎల్తామ్ నిబంధనలు రాజభవనంలో ఎవరూ కుక్కలను ఉంచరాదనీ, స్త్రీల చిన్న స్పానియల్ కుక్కలకు మాత్రం మినహాయింపు అనీ చెప్పాయి. అవే నిబంధనలు వంటశాల కుర్రవాళ్లు దిగంబరంగా, మురికిబట్టలతో తిరగరాదని, పొయ్యిల దగ్గర పడుకోరాదని ఆదేశించాయి. రాజభవనం శుభ్రత అనే ఒకే సమస్య కింద కుక్కలూ, వంటశాల పిల్లలూ లెక్కకు వచ్చారు.

విజయనగరంలో కూడా లెక్కలు రాసేవారు ఉన్నారు. అంతఃపురపు ఖర్చులను స్త్రీలే రాసి, బయటి లేఖకుల పుస్తకాలతో సరిచూసేవారని పోర్చుగీసు రచయిత నూనిజ్ నమోదు చేశాడు. ఆ పుస్తకాలు మనకు దక్కలేదు. కనుక మన సేవకుల అనామకత్వానికి సామాజిక కారణంతోపాటు ఆధారాల నష్టం కూడా కారణమని గుర్తించాలి. పద్దు పోయినచోట పద్యమే మిగిలింది. పద్యం తన నియమాల ప్రకారమే మనుషులను చూపుతుంది.

5. ప్రబంధంలో వేట:

దండి చెప్పిన పదునెనిమిది వర్ణనలలో వేట లేదు. విశ్వనాథుని సాహిత్యదర్పణంలోని జాబితాలో మృగయ ఉంది. తెలుగు ప్రబంధం మృగయను ఆదరించి విస్తరించింది. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట కథను మనోరమ వైపు నడిపే మలుపు. ఇటువంటి వర్ణనలలో అడవి జాడలు తెలిసినవారు, వలలు మోసేవారు, జాగిలాలను పట్టి తెచ్చేవారు ఒక సమూహంగా కదులుతారు. వారి పనిముట్లు, అరుపులు, కుక్కల చురుకుదనం కవికి ఇష్టమైన వస్తువులు. నాయకుడు బాణం వేసే క్షణానికి వారు తెర వెనుకకు తప్పుకుంటారు.

ఈ క్రమాన్ని తలకిందులు చేసినవాడు ధూర్జటి. శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడు రాజు వేటకు వచ్చిన పరిచారకుడు కాడు. బోయపల్లె బిడ్డ. అతని వేట అతనిదే, కుక్కలూ అతని వారివే. రాజవినోదంలో గుంపుగా కనిపించినవారే ఇక్కడ కథకు కేంద్రం. ఈ కథ ధూర్జటికి ముందే తమిళంలో సేక్కిళార్ పెరియపురాణంలోనూ, తెలుగులో పాల్కురికి సోమన బసవపురాణంలోనూ ఉంది. వేటగాడికి పేరు, తల్లిదండ్రులు, ఊరు దక్కింది భక్తి సాహిత్యంలోనే అన్నది గమనార్హం. రాజు ముందు దక్కని పేరు దేవుని ముందు దక్కింది.

6. షికారు, వెట్టి:

ఆసఫ్‌జాహీల కాలంలో మృగయ 'షికారు' అయింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటకు ప్రసిద్ధుడు. 1902లో వైస్రాయి కర్జన్ నేటి వరంగల్ జిల్లా నెక్కొండలో వేటాడాడు. కర్జన్ దంపతులు చంపిన పులి వెనుక నిలిచిన ఛాయాచిత్రం రాజా దీన్‌దయాళ్ చిత్రశాల నుండి వెలువడి నేటికీ ప్రచారంలో ఉంది. ఆతకూరు శిలలో కుక్క ఉన్న చోటును ఇక్కడ చచ్చిన పులి ఆక్రమించింది. డప్పులతో, కేకలతో మృగాన్ని తుపాకీ ముందుకు తరిమే మనుషులు లేకుండా అటువంటి వేట సాగదు. చిత్రపు చట్రంలో వారికి చోటు లేదు.

దౌరాకు వచ్చిన అధికారికి సామాను మోయడం, సరుకులు సమకూర్చడం కూలి లేని విధిగా సాగిన తెలంగాణ పల్లెలలో ఇటువంటి సేవకు మరొక పేరు వెట్టి. 1921లో ఏర్పడిన ఆంధ్రజనసంఘం వెట్టిచాకిరీని తన తొలి సమస్యలలో ఒకటిగా తీసుకుంది. ఆ ఉద్యమపు కొనసాగింపైన ఆంధ్రమహాసభ నాలుగవ సమావేశం 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలోనే జరిగింది. వేములవాడ రాజుల ప్రశస్తులు ఎక్కడ పుట్టాయో ఆ పరిసరాలలోనే, పేరులేని సేవను గురించిన ప్రశ్న సుమారు వేయి సంవత్సరాల తరువాత బహిరంగసభకు చేరింది.

7. ముగింపు:

పై ఆధారాల వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, రాజాస్థానంలో జంతువుకు గౌరవం రాజు చేతి నుండి వస్తుంది. ఆ గౌరవం పెంపకందారునికి చేరాలంటే జంతువు యుద్ధానికి పనికిరావాలి. రెండు, ఈ లక్షణం దక్కనుకే పరిమితం కాదు. ట్యూడర్ లెక్కల పుస్తకంలోనూ అదే తర్కం పనిచేసింది. మూడు, సేవకుని మౌనం సంపూర్ణం కాదు. అతని గొంతు శాసనంలో కాక భాషలో మిగిలింది. 'ఉసికొల్పు' అనే క్రియలో కుక్కను మృగం మీదికి పురికొల్పే మనిషి నోటి ధ్వని దాగి ఉంది. ఏ రాజూ ఆ ధ్వనిని నేర్పలేదు. కుక్క వెంట అడవిలో పరుగెత్తినవాడు దానిని మన నిఘంటువుకు ఇచ్చాడు.

కనుక మృగయావర్ణనలను అలంకారశాస్త్ర దృష్టితోపాటు శ్రమచరిత్ర దృష్టితో కూడా చదవవలసి ఉంది. వల, ఉచ్చు, దీమం, జాగిలం వంటి పదాలను కావ్యాల నుండి సేకరించి, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల మౌఖిక పదజాలంతో సరిపోల్చితే, ప్రశస్తులు వదిలేసిన మనుషుల పనితీరు కొంతైనా తిరిగి నిర్మించవచ్చు. కాళికి శిల ఉంది. కాళిని పెంచినవారి కోసం మనం పదాలలో వెతకాలి.