అద్దె కట్టిన పియానో

'నాటు నాటు' పాట మన ఇళ్లల్లో ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టలేం. పెళ్లిళ్లలో, అపార్ట్‌మెంట్ వినాయక చవితిలో, పిల్లల స్కూలు డేలో అదే పాట. పాటకు ముందు వచ్చే చిన్న సీను ఒక్కసారి గుర్తు చేసుకోండి. దొరల తోటలో విందు జరుగుతూ ఉంటుంది. ఒక ఇంగ్లీషు కుర్రాడు భీమ్‌ని పడేసి, టాంగో, స్వింగ్, ఫ్లమెంకో అంటూ ఒక్కొక్కటీ ఆడి చూపించి, ఇవేమైనా నీకు వచ్చా అని నలుగురిలో ఎగతాళి చేస్తాడు. అంతే, రామ్ డ్రమ్ము మీద దరువెయ్యడం, మన వాళ్లిద్దరూ దుమ్ము రేపడం.

సినిమా కథ 1920 నాటిది. మన ఫిలింనగర్ వాళ్లు తీసిన కల్పిత కథ కాబట్టి తప్పులు వెతకాలని కాదు గానీ, అందులో ఒక తమాషా ఉంది. 1920లో స్వింగ్ అనే డాన్సు ఇంకా పుట్టలేదు. అది పుట్టాక కూడా దొరల ఇళ్లల్లో పుట్టలేదు. ఆ కుర్రాడు ఎవరిని చిన్నచూపు చూస్తున్నాడో, అలాంటి వాళ్ల ఇళ్లల్లోనే పుట్టింది. న్యూయార్క్‌లో హార్లెం అనే పేటలో, అద్దె కట్టలేక సతమతమయ్యే నల్లవాళ్ల ఇరుకు గదుల్లో. ఇది వంటింటి నుంచి మొదలైన సంగీతం కాబట్టి మన కబుర్లలో దీనికి చోటుంది.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా దక్షిణాది పల్లెల నుంచి నల్లవాళ్లు లక్షల్లో ఉత్తరాది నగరాలకు వలస వచ్చారు. హార్లెంలో ఇళ్లు దొరికాయి కానీ, అదే ఇంటికి తెల్లవాళ్ల దగ్గర తీసుకునే దానికంటే వీళ్ల దగ్గర ఎక్కువ అద్దె గుంజేవారు. జీతాలేమో తక్కువ. నెలాఖరుకు ఇంటివాడు తలుపు కొడతాడు. అప్పుడు ఆ ఇల్లాళ్లు ఒక ఉపాయం పన్నారు. శనివారం రాత్రి హాల్లో సామాను ఒక పక్కకు జరిపి, కోడి వేయించి, అన్నం వండి, ఒక పియానో వాయించేవాణ్ణి పిలిచేవారు. వచ్చినవాళ్ల దగ్గర తలకింత అని వసూలు చేసేవారు. తెల్లవారేసరికి అద్దె డబ్బులు డబ్బాలో పడేవి. వీటికి 'రెంట్ పార్టీ' అని పేరు. మనం చీటీ పాట పాడుకుని ఇంటి అవసరం గడుపుకున్నట్టే, వాళ్లు నిజంగానే పాట పెట్టుకుని గడుపుకున్నారు.

ఆ ఇరుకు గదిలో బ్యాండు మేళం పట్టదు, పట్టినా డబ్బులివ్వలేరు. అందుకని ఒక్క పియానోయే మొత్తం మేళం పని చెయ్యాలి. ఆ అవసరంలోంచే 'స్ట్రైడ్' అనే వాయింపు పుట్టింది. స్ట్రైడ్ అంటే పెద్ద అంగ. వాయించేవాడి ఎడమచెయ్యి నిజంగానే అంగలు వేస్తుంది. ఒకటో దెబ్బకు పియానో ఎడమ చివరకు వెళ్లి ఒక లోతైన స్వరం, రెండో దెబ్బకు మధ్యకు వచ్చి మూడు నాలుగు స్వరాలు కలిపి ఒక గుత్తి. మూడుకు మళ్లీ చివరకు, నాలుగుకు మళ్లీ మధ్యకు. ఢమ్, చక్, ఢమ్, చక్. డోలూ తాళమూ రెండూ ఆ ఒక్క చేతిలోనే ఉంటాయి. కుడిచెయ్యి మాత్రం తన ఇష్టం వచ్చినట్టు పాట పాడుతుంది, అల్లరి చేస్తుంది, కావాలని అర క్షణం ఆలస్యంగా వచ్చి నవ్విస్తుంది.

రుబ్బురోలు వాడినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక చెయ్యి పొత్రం తిప్పుతూనే ఉండాలి, రెండో చెయ్యి సందు చూసుకుని పిండి లోపలికి తోస్తూ ఉండాలి. తిప్పే చెయ్యి ఆగిందా, పిండి నలగదు. తోసే చెయ్యి లయ తప్పిందా, వేళ్లు నలుగుతాయి. స్ట్రైడ్‌లో కూడా అంతే. కుడిచేతి అల్లరి మనకు సంతోషం కలిగించేది, ఎడమచెయ్యి ఎక్కడా ఆగదన్న ధీమా ఉండబట్టే.

ఈ వాయింపుకు పెద్దదిక్కు జేమ్స్ పి. జాన్సన్. ఆయన 1921లో రికార్డు చేసిన 'కరోలినా షౌట్' అప్పటి పియానో కుర్రాళ్లందరికీ పరీక్ష లాంటిది. అది రాకపోతే హార్లెంలో పియానో ముందు కూర్చునే అర్హత లేదు. ఆయన శిష్యుడు ఫ్యాట్స్ వాలర్. భారీ మనిషి, కనుబొమలు ఎగరేస్తూ, మధ్యలో జోకులు వేస్తూ పాడేవాడు. ఆయన తండ్రి మహా భక్తిపరుడు. కొడుకు చర్చిలో వాయించాలనేది ఆయన కోరిక. జాజ్ అంటే గిట్టేది కాదు. పదహారేళ్లప్పుడు తల్లి పోయింది. ఆ దుఃఖంలో ఇల్లు వదిలి ఒక పియానో వాద్యకారుడి ఇంట్లో చేరి, అక్కణ్ణుంచి జాన్సన్ గారి శిష్యుడయ్యాడు. 1943లో, 39 ఏళ్లకే, రైలు ప్రయాణంలో చనిపోయాడు. ఆయన రికార్డులు విని చూడండి, ఎక్కడా ఏడుపు వినిపించదు. కష్టం తెలియనివాడి కులాసా మాత్రం కాదది. అద్దె కట్టాల్సిన రాత్రి కూడా నవ్వడం తెలిసిన మనుషుల మధ్య పెరిగినవాడి కులాసా.

ఆడవాళ్ల మాట చెప్పకుండా ఎలా? మేరీ లూ విలియమ్స్ 1910లో పుట్టింది. తల్లి ఆర్గన్ వాయిస్తూ పసిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకునేది. ఒకరోజు ఆ పిల్ల తల్లి వాయించిన స్వరాలు తిరిగి వాయించేసరికి తల్లి ఉలిక్కిపడిందట. చిన్నతనంలోనే ఇరుగుపొరుగు ఇళ్లల్లో వాయించి ఇంటి ఖర్చుకు సాయపడింది. తర్వాత పెద్ద బ్యాండులో పియానో వాయించడమే కాదు, ఆ మేళాలకు సంగీతం రాసి ఇచ్చింది. 1930ల్లో స్వింగ్ రాజుగా పేరు మోసిన బెన్నీ గుడ్‌మన్‌కు కూడా రాసింది. పేరు ఆయనది మోగింది, ఊపు ఈమెది.

హార్లెంలో 1926లో తెరిచిన సవాయ్ డాన్సు హాల్లో తెలుపూ నలుపూ తేడా లేకుండా జనం ఆడారు. పియానో ఎడమచేతి అంగలే, పదిహేనుమంది వాయించే బ్యాండులోకి వెళ్లి స్వింగ్ అయ్యాయి. 1935 కల్లా అమెరికా అంతా అదే ఊపు.

మరి అది మన దాకా ఎలా వచ్చింది? సముద్రం మీద, హోటళ్ల గుండా వచ్చింది. 1935లో లియాన్ అబ్బే అనే వయొలిన్ విద్వాంసుడు నల్లవాళ్ల జాజ్ బ్యాండుతో బొంబాయి తాజ్ హోటల్‌కు వచ్చాడు. తర్వాత షాంఘై మీదుగా టెడ్డీ వెదర్‌ఫోర్డ్ వచ్చాడు. ఇతను అచ్చమైన స్ట్రైడ్ పియానో మనిషి, షికాగోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కన వాయించినవాడు. సొంత దేశంలో దొరకని మర్యాద ఇక్కడ దొరికింది కాబోలు, తిరిగి వెళ్లనే లేదు. బొంబాయిలోనూ, యుద్ధకాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్లోనూ వాయించి, 1945లో అక్కడే కలరాతో పోయాడు. నలభై రెండేళ్లు కూడా నిండలేదు.

వీళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్లు గోవా వాద్యకారులు. హోటల్ ఉద్యోగాలు తగ్గాక వాళ్లే హిందీ సినిమా స్టూడియోలకు మళ్లారు. 'అల్‌బేలా' సినిమాలో (1951) సి. రామచంద్ర సంగీతానికి ఆ ఊపు తెచ్చిన చిక్ చాకొలేట్ అలాంటివాడే. ఈ సి. రామచంద్రే చాలా ఏళ్ల తర్వాత ఎన్టీఆర్ గారి 'అక్బర్ సలీమ్ అనార్కలి'కి (1978) పాటలు కట్టారు.

మన తెలుగు సినిమా అప్పట్లో మద్రాసులో ఉండేది. అక్కడ చర్చి పాటల్లో, రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో చెయ్యి తిరిగిన క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లు పియానో, ట్రంపెట్, సాక్సోఫోన్ పట్టుకుని రికార్డింగుకు వచ్చేవారు. సాలూరి రాజేశ్వరరావు గారు 'చంద్రలేఖ'కు (1948) పాశ్చాత్య వాద్యాలతో పెద్ద మేళమే నడిపారు. 'భార్యాభర్తలు' సినిమాలో (1961) ఘంటసాల గారి గొంతుతో నాగేశ్వరరావు గారు షికారుకు పిలిచే పాట వినండి. పనిలో ఉన్న చెయ్యి ఆగదు, కాలు మాత్రం ఊగుతుంది. ఆ రికార్డు మీద పాటగాడి పేరుంది, సంగీత దర్శకుడి పేరుంది. వెనకాల ఆ ఊపు ఊపినవాళ్ల పేర్లు మాత్రం లేవు.

ఇక్కడే మన కథకూ హార్లెం కథకూ తేడా వచ్చింది. హార్లెంలో ఈ సంగీతం ఇంటి హాల్లో, తల్లి వండుతుండగా, పిల్లలు పక్క గదిలో నిద్రపోతుండగా మోగింది. మన సినిమాలో దాన్ని ఇంట్లోంచి బయటికి తీసుకెళ్లి క్లబ్బులో కూర్చోబెట్టారు. హీరోయిన్ పెరట్లో తులసి చుట్టూ తిరుగుతూ మెల్లని పాట పాడుతుంది. ట్రంపెట్ మోగిందంటే మాత్రం అది విలన్ అడ్డా, అక్కడ ఆడేది చెడ్డమ్మాయి. జిక్కి, జమునారాణి, ఎల్.ఆర్. ఈశ్వరి గొంతుల్లో ఎంత ప్రాణముందో మనందరికీ తెలుసు. రమేశ్ నాయుడు గారి సంగీతంలో 'దేవుడు చేసిన మనుషులు'కు (1973) ఈశ్వరి పాడిన చీకటి పాట ఇప్పటికీ మోగుతూనే ఉంది. కానీ అలాంటి పాటలు పాడుకునే ఆడపిల్ల అంటే మంచిపిల్ల కాదని ఒక లెక్క స్థిరపడిపోయింది. సంతోషం తెచ్చారు, దాని మీద చెడ్డపేరు కూడా రాసి తెచ్చారు.

రేడియో కూడా తక్కువ తినలేదు. 1952లో మంత్రి కేస్కర్ గారి హయాంలో ఆకాశవాణి సినిమా పాటల మీద ఆంక్షలు పెట్టింది. జనం ఊరుకున్నారా? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఇంటింటి చుట్టమైంది. చివరికి 1957లో ఆకాశవాణి వాళ్లే వివిధభారతి మొదలుపెట్టాల్సి వచ్చింది.

మా అత్తగారు గుంటూరు జిల్లా పల్లెటూరి మనిషి, ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. పెళ్లికి ముందు వాళ్లింట్లో రేడియో నాన్నగారి మంచం పక్కనే ఉండేదట. క్లబ్బు పాట రాగానే ఆయన ఏమీ అనేవారు కాదు, చెయ్యి చాచి చెవి మెలిపెట్టి గొంతు తగ్గించేవారట. "పాట తగ్గించారు గానీ, పొయ్యి దగ్గర నా కాలు ఆగితేగా!" అని నవ్వుతారావిడ. ఆ మాటలో నాకు నవ్వు కంటే వేరేది వినిపించింది. ఎన్ని ఇళ్లల్లో ఎందరు ఆడవాళ్లు చీర కుచ్చెళ్ల చాటున కాలు ఆడించుకుని, పైకి మాత్రం పప్పు కలుపుతూ నిలబడి ఉంటారు? ఫ్యాట్స్ వాలర్ తండ్రీ, ఈ తాతగారూ ఒకే ముద్దలోని వాళ్లు. తేడా ఏమిటంటే వాలర్ మగపిల్లాడు, ఇల్లు వదిలి పోగలిగాడు.

అన్నట్టు, 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ తన బ్యాండుతో అమెరికా ప్రభుత్వం తరఫున మన దేశం వచ్చాడు. ఆ బ్యాండు హైదరాబాద్‌లోనూ, మద్రాసులోనూ కూడా కచేరీలు చేసింది. ఆయన చిన్నప్పుడు 'కరోలినా షౌట్' ఎలా నేర్చుకున్నాడో తెలుసా? చిల్లులు పొడిచిన కాగితపు చుట్టతో తనంతట తానే మోగే పియానోలు ఉండేవి. దాన్ని నెమ్మదిగా నడిపించి, ఏ మెట్టు కిందికి దిగితే దాని మీద వేలు పెట్టి నేర్చుకున్నాడు. అంతటివాడు వచ్చినప్పుడు ఈ జూబ్లీహిల్స్ అంతా బండరాళ్ల గుట్టలే. నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియోస్ రావడానికి ఇంకో పుష్కరం పట్టింది. తర్వాత నెమ్మదిగా మద్రాసు నుంచి సినిమా ఇటు వచ్చింది, రామానాయుడు స్టూడియో వచ్చింది, ఫిలింనగర్ నిండింది. పాటలు ఇక్కడికి వచ్చేసరికి మేళాలు పోయాయి. ముప్ఫై మంది వాయించేది ఒక్క కీబోర్డు మీద అయిపోతోంది. పేరు లేకుండా వాయించినవాళ్లు పేరు లేకుండానే ఇళ్లకు వెళ్లిపోయారు.

మా చుట్టుపక్కల పిల్లలందరూ ఇప్పుడు కీబోర్డు క్లాసులకు వెళ్తున్నారు. గ్రేడు పరీక్షలు, సర్టిఫికెట్లు, ఫొటోలు. సాయంత్రం ఏ ఫ్లాటు ముందు నడిచినా అదే పాఠం, అదే విసుగు. నేర్పించవద్దని నేననను. ఆ పిల్లలకు ఒక్కసారి జాన్సన్‌నో, మేరీ లూ విలియమ్స్‌నో వినిపించండి అంటాను. పరీక్ష కోసం కాకుండా ఇల్లు నిలబెట్టుకోవడానికి, పక్కింటివాళ్లను నవ్వించడానికి వాయించిన చేతులు ఎలా ఉంటాయో వాళ్లూ విననీ.

ఇప్పుడు సంగీత్ రాత్రుల్లో అమ్మమ్మలు కూడా స్టేజీ ఎక్కుతున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. కానీ సంతోషం పెళ్లికి అద్దెకు తెచ్చుకునే షామియానా కాకూడదు కదా. నూరేళ్ల కింద ఆ హార్లెం ఇల్లాలికి చేతిలో డబ్బు లేదు, ఊళ్లో మర్యాద లేదు, రేపటి మీద భరోసా లేదు. అయినా శనివారం రాత్రి కుర్చీలు పక్కకు జరిపింది. మనకూ హాలుంది, కుర్చీలున్నాయి. రేపు ఉదయం పప్పు పొయ్యి మీద పెట్టి ఫోనులో ఫ్యాట్స్ వాలర్ పెట్టండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే గొంతు పెంచి మరీ పెట్టండి. ఆవిడ కాలు ఏం చేస్తుందో చూసి నాకు చెప్పండి.