కొట్పాడ్‌కి కాష్మోరా వచ్చిన రోజులు

రా, ఇలా ముందుకి జరుగు. చలిమంటకి అంత దూరంగా కూర్చుంటే వెచ్చనా తగలదు, కథా వినపడదు. పుష్యమాసంలో మన కోరాపుట్ చలి దుప్పటితో పోయేది కాదు. ఆ ఫోను కాసేపు జేబులో పడెయ్. నిన్న రాత్రి అందులో దెయ్యం సినిమా చూసి, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లడానికి మీ అమ్మని తోడు లేపావట! సిగ్గుపడకు, మన వంశంలో అందరూ అంతే. మీ ముత్తాత ఒక్కడే దెయ్యాలకి భయపడేవాడు కాదు. ఆయనకి మీ ముత్తవ్వ భయమే చాలినంత ఉండేది.

మమ్మల్ని భయపెట్టింది మాత్రం సినిమా కాదురా, వారపత్రిక. ఎనభైల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' సీరియల్ వచ్చేది. ఆయన చదువుకి చార్టర్డ్ అకౌంటెంటు. జమాఖర్చులు చూసుకోవలసిన మనిషి ఊళ్లకి ఊళ్లని నిద్ర లేకుండా చేశాడు. తులసి అనే చిన్నపిల్ల మీద ఎవరో క్షుద్రప్రయోగం చేయిస్తారు. కాష్మోరా అనే క్షుద్రశక్తి పేరు మేం మొదటిసారి విన్నది అక్కడే. ఆ పేరు చీకటి పడ్డాక పలకడానికి మా అమ్మ ఒప్పుకునేది కాదు, 'అదే, ఆ కా' అనేది. 'కా' అంటే కాకి కాబోలనుకుని మా చిన్న చెల్లెలు పగలు కూడా పెరట్లోకి వెళ్లడం మానేసింది.

ఒరియా ఊళ్లో తెలుగు పత్రిక ఏటని అడుగుతావు, తెలుసు. 1936 ఏప్రిల్ ఒకటిన ఒరిస్సా రాష్ట్రం పుట్టేదాకా మన జయపురం సంస్థానం, ఈ కొట్పాడ్, అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఇచ్చినంత విరాళం ఇంకెవరు ఇచ్చారు? ఆయనకి తెలుగు, ఒడియా రెండూ రెండు కళ్లే. అప్పటికే ఇక్కడ కొట్లు పెట్టుకున్న మనవాళ్లు, గీత ఎక్కడ గీసినా మాకేటని ఉండిపోయారు. దీని మీద మాట్లాడమంటే నేను తెల్లవార్లూ మాట్లాడతాను గానీ, అది రామాయణంలో పిడకల వేట అవుతుంది. పత్రిక దగ్గరికి వద్దాం.

పత్రిక విజయనగరం, సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి, కోరాపుట్, జయపురం, బొరిగుమ్మ దాటి మన ఊరు చేరేది. బస్సు టాపు మీద ఉల్లిపాయల బస్తాల మధ్య ప్రయాణం. ఎండాకాలంలో రెండు రోజులు ఆలస్యం. వానాకాలంలో ఘాటీలో కొండచరియ జారితే ఇక దేవుడే దిక్కు. విశాఖపట్నంలో చచ్చిపోయిన పాత్ర మా ఊళ్లో ఇంకా నాలుగు రోజులు సుఖంగా బతికే ఉండేది. అక్కడినుంచి వచ్చిన చుట్టం ఎవరైనా తరువాయి కథ నోరు జారితే, ఆ పూట ఆయనకి కూర సరిగ్గా వడ్డించేవారు కాదు.

వారపత్రిక వెల రూపాయి దాటి ఉండేది. అర్ధరూపాయికి టీ దొరికే రోజుల్లో అది చిన్న డబ్బు కాదు. అందుకని నాలుగిళ్లవాళ్లం చందా వేసుకుని ఒక్కటే కొనేవాళ్లం. ముందు ఎవరు చదవాలన్న పేచీ రాకుండా స్కూలు టీచరమ్మ మా అరుగు మీద కూర్చుని పైకి చదివేది. ఆడవాళ్లు బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేవారు. భయం ముదిరేకొద్దీ చేతులు ఆగిపోయేవి, మర్నాడు అన్నంలో రాళ్లు పంటికి తగిలేవి. 'నిన్న సీరియల్ బాగున్నట్టుంది' అనేవాడు మా నాన్న, రాయి తీసి కంచం పక్కన పెడుతూ. చివర్న 'ఇంకా ఉంది' అని చదివి టీచరమ్మ పత్రిక మూసేసేది. ఇక వారం రోజులు ఆ పిల్లకి ఏమవుతుందో అని మా సొంత కల్పనలు మేం చేసుకునేవాళ్లం. యండమూరి రాసినదానికంటే మేం ఊహించుకున్నవే ఘోరంగా ఉండేవి. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

చదవడం అయ్యాక ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, పెద్ద సూదితో గోనె దారం వేసి కుట్టి, పైన సిమెంటు బస్తా కాగితం అట్ట వేసేవాళ్లం. అది మా ఇంటి తులసిదళం. జయపురంలో అద్దె పుస్తకాల కొట్టువాడికి రోజుకి పావలా ఇచ్చే బాధ తప్పేది. ఒళ్లు జలదరించే చోట పేజీ తిప్పితే కొబ్బరినూనె ప్రకటన, దాని పక్కన జాతకం శీర్షిక ఉండేవి. ఆ పుస్తకం జగ్దల్‌పూర్ దాకా పెళ్లిళ్లకి వెళ్లొచ్చింది. వెళ్లినప్పుడల్లా రెండు పేజీలు తగ్గి వచ్చేది.

అంతకు ముందు మాకు దెయ్యాలు తెలియవనుకోకు. విఠలాచార్య సినిమాలు ఎన్ని చూడలేదు! 1978లో 'జగన్మోహిని' వచ్చినప్పుడు జయమాలిని దెయ్యం తన కాళ్లే పొయ్యిలో కట్టెల్లా పెట్టి వంట చేస్తుంటే, నేల టికెట్టువాళ్లం ఈలలు వేసి నవ్వాం. ఆ దెయ్యం మన ఊరి జాతరలో మనిషే అనిపించేది. యండమూరి చేసిన పని వేరు. దెయ్యాన్ని పాడుబడ్డ కోటలోంచి లేపి, టెలిఫోనూ డాక్టరూ ఉన్న ఇంట్లో, చదువుకున్న తల్లిదండ్రుల మధ్య దించాడు. మందులు, హిప్నాటిజం ఒక పక్క, మంత్రాలు ఇంకో పక్క నడిపించాడు. పిల్లని కాపాడింది ఏదంటే దేని పక్షంవాడు దాని పేరు చెప్పుకునేలా రాశాడు. ఊరందర్నీ వాదించుకోనిచ్చింది అదే.

ఇక్కడో తమాషా ఉంది. దూరపు కొండలు నునుపు అంటారు కదా, మన కొండల విషయంలో అది తిరగబడింది. అప్పటి తెలుగు కథల్లో మంత్రగాడు కావలసి వస్తే మలయాళ దేశమో, అస్సామో, లేకపోతే మన ఒరిస్సా అడవులో వెతికేవారు. బెజవాడలో కూర్చున్నవాడికి మనం చిల్లంగి దేశం. మనమేమో వాళ్లు అచ్చువేసిన పుస్తకం చదివి ఇక్కడ వణికేవాళ్లం. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఆ రోజుల్లో కింద జిల్లాల నుంచి ఓ కుర్రాడు బ్యాంకు ఉద్యోగానికి మన ఊరు వచ్చాడు. పెట్టెలో తులసిదళం ఉంది, మనసులో అంతకంటే ఎక్కువ ఉంది. వచ్చిన వారంలోనే ఓ సాయంత్రం షికారుకి నేతపని మిర్గాన్ల వీధి వైపు వెళ్లాడు. కొట్పాడ్ చీరల అద్దకం నీకు తెలుసు కదా. నూలుని పేడ, బూడిద నీళ్లు, ఆముదంలో పట్టించి, ఎండబెట్టి, మళ్లీ పట్టించి, వారాల తరబడి ఆ పని చేశాక, ఆల్ చెట్టు వేరు తొక్క దంచిన పొడి వేసి కుండలో మరిగిస్తారు. ఇప్పుడంటే 2005లో జీఐ గుర్తింపు వచ్చి ఢిల్లీవాళ్లు కూడా వెతుక్కుంటూ వస్తున్నారు. అప్పుడు అదెవరికి తెలుసు? మసక చీకట్లో పొయ్యి మీద ఎర్రగా ఉడుకుతున్న కుండ, చుట్టూ ఆముదం కంపు, మోచేతుల దాకా ఎరుపెక్కిన చేతులతో ఓ ముసలమ్మ, తాటి మీంచి బొట్లు బొట్లుగా కారుతున్న ఎర్ర నూలు. ఆవిడ వీణ్ణి చూసి, పాపం కొత్తవాడు కదా అని, దేశియా భాషలో 'రా బాబూ, కూర్చో' అని చెయ్యి ఊపింది. ఆ ఎర్ర చెయ్యే ఊపింది.

చెప్పులు అక్కడే వదిలేశాడు. మా కొట్లోకి వచ్చి పడి, మంచినీళ్లు తాగి, 'పూజ చేస్తున్నారండీ, పూజ' అన్నాడు. మా నాన్న సంగతి ఊహించి, లోపల్నుంచి ఓ ఎర్రంచు చీర తెచ్చి ముక్కు దగ్గర పెట్టాడు. అదే వాసన. తర్వాత ఆ కుర్రాడు ఆ ముసలమ్మ దగ్గరే వాళ్లమ్మకి చీర కొన్నాడు, వాయిదాల మీద. చెప్పులు మాత్రం ఆవిడ మనవడు అప్పటికే వేసుకు తిరుగుతున్నాడు.

నవ్వాం గానీ, నవ్వరానిది కూడా ఒకటుంది బాబూ. మన కొండ ఊళ్లలో గుణియా ఉన్నాడు, దిశారి ఉన్నాడు. జ్వరమొస్తే వేరు కట్టేదీ, విత్తుకి మంచిరోజు చెప్పేదీ వాళ్లే. వాళ్లకి ముట్టేది ఓ కోడీ, కాస్త జీలుగు కల్లూ. నేను చూసిన గుణియాలకి కాష్మోరా అంటే ఏమిటో తెలియదు. కానీ ఎవరింట్లోనో పిల్ల చచ్చిపోతే, చిల్లంగి పెట్టిందని దిక్కులేని ముసలిదాని మీద పడేవాళ్లు నిజంగానే ఉన్నారు. చంపినవాళ్లూ ఉన్నారు. ఆ ఘోరం ఆపడానికే 2013లో ఒడిశా ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టం చెయ్యవలసి వచ్చింది. నవల చదివి మాకు పోయింది నిద్రే. పుకారుకి ఆ ముసలివాళ్లకి పోయింది ప్రాణం.

ఈ మాట అప్పట్లోనే గట్టిగా అన్నది మన టీచరమ్మ. వారం వారం గొంతు మార్చి మార్చి చదివి మమ్మల్ని బెదరగొట్టినావిడే! రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని రాసినప్పుడు టీచరమ్మ ఆవిడ పక్షం చేరిపోయింది. ఆ విమర్శ మీద, నవలకి ముందుమాట రాసిన కొమ్మూరి వేణుగోపాలరావు గారు పరువునష్టం దావా వేశారు. ఆయన డాక్టరూ, నవలా రచయితా కూడా. డిటెక్టివ్ యుగంధర్‌ని రాసిన కొమ్మూరి సాంబశివరావు వేరే, కలిపెయ్యకు. టీచరమ్మకి ఎదురు పక్షం మన ఊరి కాంపౌండరు. 'కథని కథలాగ చదవాలమ్మా' అనేవాడు. 'పొద్దస్తమానం సూదులు గుచ్చేవాడివి, నువ్వా మంత్రాలకి సాక్ష్యం!' అనేది ఆవిడ. మధ్యలో ఇన్సూరెన్సు మామ దూరి, ఇదంతా ఇంగ్లీషు 'ఎక్సార్సిస్ట్' నుంచి వచ్చిందే, 1973లో సినిమా అయింది, నేను విశాఖపట్నంలో చూశాను అనేవాడు. ఓసారి టీచరమ్మ, 'ఆ సినిమాలో పిల్ల పేరేటి మామా?' అని అడిగింది. మామకి అర్జంటుగా ఎవరిదో పాలసీ గుర్తొచ్చి లేచాడు.

తర్వాత సినిమాల వంతు వచ్చింది. ముందు కన్నడంవాళ్లు 1985లో 'తులసీదళ' తీశారు, శరత్‌బాబు తండ్రి వేషం. మరుసటి ఏడు తెలుగులో 'కాష్మోరా' వచ్చింది. అది తులసిదళానికి తరువాయిగా వచ్చిన 'తులసి' నవల. రాజేంద్రప్రసాద్, భానుప్రియ, రాజశేఖర్, మళ్లీ శరత్‌బాబే. మన ఊరికి అది వీసీఆర్‌లో వచ్చింది. రంగుల టీవీ, వీసీఆర్ రెండూ కలిపి రాత్రికి అద్దె వందకి పైమాటే, జయపురం నుంచి జీపులో తేవాలి. చందాలు వేసుకున్నాం. నేను ముందు కట్టేశాను, ఆ సంగతి గుర్తుపెట్టుకో.

వాకిట్లో చాపలు పరిచి ఊరు ఊరంతా కూర్చుంది. నవల చదివినవాళ్లు ముందు వరుస. బొమ్మ మొదలైంది, వీళ్ల గొణుగుడూ మొదలైంది. 'తులసి ఇలా ఉండదే', 'ఇక్కడ ఇంకో సంగతి ఉండాలి, కొట్టేశారు', 'మంత్రగాడు మరీ ఇంత శుభ్రంగా ఉన్నాడేటి!' ప్రతివాడి దగ్గరా వాడి సొంత తులసి ఉంది మరి, వారం వారం ఎదురుచూసి పెంచుకున్నది. తెర మీద పిల్ల ఎంత బాగా చేసినా వీళ్లకి పరాయి పిల్లే. పుస్తకంలో సగం చెప్పి వదిలేసినదాన్ని కెమెరా పూర్తిగా చూపించక తప్పదు. చూపించేసరికి పొగా, పూసిన రంగులూ కనపడిపోతాయి. పుస్తకం చదవని మా బాబాయి మాత్రం తలగడ పట్టుకుని బిక్కచచ్చిపోయాడు, అదీ చెప్పాలి.

సరిగ్గా పట్టు మీదుండగా కరెంటు పోయింది. కుయ్యో మొర్రో అన్నారంతా. అప్పుడు కాంపౌండరు చీకట్లోంచి, 'ఉండండి, తర్వాతేమైందో నేను చెబుతాను' అని గొంతు సవరించుకుని అందుకున్నాడు. అది సినిమాలోదీ కాదు, నవలలోదీ పూర్తిగా కాదు. మధ్యలో మన ఇంద్రావతి ఒడ్డుని, సంతకెళ్లే దారిలో చింతచెట్టుని కలిపేశాడు. పిల్లలు తల్లుల ఒళ్లోకి, తల్లులు గోడవైపుకీ జరిగారు. గంజాయి దమ్మని వాదించిన టీచరమ్మ కూడా పక్కావిడ చెయ్యి పట్టుకుంది. నేను చూశాను. కరెంటు వచ్చి టీవీ మళ్లీ వెలిగితే సగంమంది 'కట్టెయ్యండ్రా, ఆయన్ని చెప్పనీండి' అని కేకలు.

ఆ తర్వాత రామ్‌గోపాల్ వర్మ 1992లో 'రాత్రి', 1996లో 'దెయ్యం' తీశాడు. అవి నవలలు కావు, చప్పుళ్లతో భయపెట్టేవి, బాగానే భయపెట్టాయి. 2016లో 'తులసీదళం' పేరుతో ఆర్పీ పట్నాయక్ ఓ సినిమా తీశాడు, కథ లాస్ వెగాస్‌లో. అదే ఏడు కార్తి అరవ సినిమా 'కాష్మోరా' తెలుగులోకి వచ్చింది. రెంటికీ పేర్లే మనవి, కథలు వేరు. అవి నువ్వు ఫోనులో చూసే ఉంటావు.

వీసీఆర్ సంగతి చెప్పలేదు కదూ. కాంపౌండరు కథ ముగించేసరికి కోడి కూసింది, తెచ్చిన కాసెట్లలో మిగతావి పెట్టనే లేదు, జీపువాడు వచ్చి అద్దె మొత్తం వసూలు చేసుకున్నాడు. 'సినిమా నేనే చూపించాను కదా, ఇంకా నేను చందా కట్టడమేటి?' అన్నాడు కాంపౌండరు. ఆయన వాటా కూడా నేనే కట్టాను. ఆయన కొడుకు ఇప్పుడు సునాబేడాలో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. వచ్చే నెల పెళ్లికి వస్తాడుగా, నువ్వే అడుగు, వడ్డీ వద్దులే.