నగరఘోషకు శ్రుతి: స్టీవ్ రైష్ ‘సిటీ లైఫ్’

నగరపు రొదను సంగీతములోనికి తేవలెనన్న కోరిక క్రొత్తది కాదు. 1913లో ఇటలీ దేశస్థుడు లుయిజీ రూసోలో రొదయే భావిసంగీతమని ప్రకటించి, గరగరలాడు, హోరెత్తు యంత్రములను నిర్మించినాడు. 1928లో గెర్ష్విన్ ‘యాన్ అమెరికన్ ఇన్ ప్యారిస్’లో ట్యాక్సీ హారన్లను మ్రోగించినాడు. మొదటివాని ఆవేశములో సంగీతము మరుగుపడినది. రెండవవాని హారను నాటకశాలలోని చిత్రించిన తెరవంటిది. కథాస్థలమును తెలిపి తప్పుకొనును.

అమెరికను స్వరకర్త స్టీవ్ రైష్ (జననము 1936) వేరొక త్రోవ త్రొక్కినాడు. స్వల్పమైన సామగ్రిని మరల మరల పలికించుచు, తెలిసీ తెలియనట్లు మార్చుకొనిపోవు ‘మినిమలిస్టు’ ధోరణిని తీర్చినవారిలో అతడొకడు. 1965లో, శాన్‌ఫ్రాన్సిస్కో వీధిలో జలప్రళయమును బోధించు ప్రచారకుని మాటతునకను రెండు టేపులపై ఒక్కమారు నడిపి, అవి క్రమముగా ఎడబాయుటలో లయను కనుగొన్నాడు. 1988 నాటి ‘డిఫరెంట్ ట్రెయిన్స్’లో మాటలోని ఎత్తుపల్లములే తంత్రీవాద్యములకు స్వరములైనవి. కాని అచట టేపు యజమాని, వాద్యకారులు అనుచరులు.

1995లో ఫ్రాన్సులోని మెట్స్ నగరమున తొలిసారి వినిపించిన ‘సిటీ లైఫ్’ ఈ దాస్యమును తొలగించినది. ఇరువదిమందికి మించని చిన్న మేళము, అయిదు భాగములు. న్యూయార్కు ధ్వనులను ముందుగా పట్టి సాంప్లరులో నిలిపినారు. మీట నొక్కగనే అవి పలుకును. కనుక రొద కూడ వాద్యకారుని వ్రేలి క్రిందికి వచ్చినది. కారు హారనుకు సుషిరవాద్యములు, తలుపు చప్పుడుకు పెద్ద డ్రమ్ము, పడవ కూతకు క్లారినెట్టు జతగూడును. ఏది వీధి, ఏది వాద్యమని చెవి తడబడును.

తొలి భాగమునకు ఒక వీధివర్తకుని కేకయే బీజము: ‘చెక్ ఇట్ అవుట్’. అనువాదకుడు దీనిని ‘చూచి పొండి’ అనవచ్చును. అర్థము దక్కును గాని, ఆ కేకలోని స్వరము జారిపోవును. రైష్ పట్టుకొన్నది ఆ జారిపోవుదానినే.

అసలు పరీక్ష కడపటి భాగములో నున్నది. 1993 ఫిబ్రవరి 26న వరల్డ్ ట్రేడ్ సెంటరులో బాంబు ప్రేలి ఆరుగురు మరణించిరి. ఆనాడు అగ్నిమాపకదళమువారు తమలో తాము పంపుకొన్న సందేశములే ఇచట మూలధాతువు. ప్రాణాపాయములో పలికిన మాటను స్వరరచనకు వాడుకొనుట తగునా? రైష్ ఏడ్పునుగాని ఆర్తనాదమునుగాని వెదకలేదు. పొగ దట్టముగా నున్నదని చెప్పు పొడిమాటలనే వరుసపెట్టినాడు. తంత్రులు వానిని అనుసరించునే గాని, వానికి కరుణరసము పులుమవు. ఈ నిగ్రహమే అతని సమాధానమని నా అభిప్రాయము.

2001 సెప్టెంబరు 11న ఆ సౌధములు కూలినవి. ఆ దినమున పట్టిన గొంతులతో రైష్ మరల ‘డబ్ల్యుటిసి 9/11’ రచించినాడు. 2011లో అది తొలిసారి వినిపించినది.